సున్నా పడిన మా వల వంతు

సూళ్లూరుపేట తాలూకా తహశీల్దారు గారి సముఖమునకు, పులికాటు ఒడ్డున చేపల వేటతో జీవించు ముత్యాలయ్య వ్రాసుకొన్న అర్జీ. అక్టోబరు 1962.

అయ్యా,

విషయం: మా ఊరి శాస్త్రీయ పాలనా సంఘం వారు తీసివేసిన నా వల వంతు తిరిగి ఇప్పించుట గురించి.

1. వల వేసే తావును మేము పాడు అంటాము. ఏటా చీట్లు తీసి పాడులు వంతుల చొప్పున పంచుకొనుట తాతల నాటి కట్టుబాటు. ముసలివానికైనా, విధవరాలికైనా చీటీ ఒకటే.

2. పోయిన ఏడు మా చెల్లెలి కొడుకు గంగాధరం మద్రాసులో చదువు ముగించి వచ్చి సదరు సంఘం పెట్టినాడు. ఊరిని ఏలవలసినది పెద్దలు కాదు, లెక్క అని వారి సిద్ధాంతం. బావిలో మందు వేయించినారు. ఈ ఏడు కలరా రాలేదు. అందువలన చీట్లు మానుదామన్నప్పుడు అందరమూ చేయి ఎత్తినాము. నేనూ ఎత్తినాను.

3. శ్రావణమంతా ఎవరి వలకు ఎంత పడిందో తూచి, ఎక్కువ పట్టినవారికి మంచి పాడులు ఇచ్చినారు. నాకు సున్నా వేసినారు. పాడు లేదన్నారు.

4. ఆ నెల మేము వల తడపలేదయ్యా. చావు జరిగిన ఇంట నెల తిరిగేదాకా వల తడపరాదు. మా కొడుకు చిన్నపోలయ్య పడవ తిరగబడి పోయినాడు. నాకు వాడొక్కడే. ఈ సంగతి అర్జీలో ఎట్లా వ్రాయవలెనో నాకు తెలియదు.

5. సంఘంలో మొరపెట్టుకొన్నాను. గంగాధరం తల ఎత్తకుండా, "నీకొకడికి సడలిస్తే రేపు అందరూ ఏదో ఒకటి చెప్తారు మామా. లెక్కకు చుట్టరికం లేదు" అన్నాడు. నేను లేచి వచ్చేసినాను. వెనక ఎవరో, ముసలోడికి రొయ్యలెందుకు, గంజి చాల్లే అని నవ్వినారు.

6. పాత చీటీ ప్రకారం వచ్చే అమావాస్య వంతు మాది. "నువ్వు రాకున్నా నేనే నీళ్లలో దిగతా మామా" అంటున్నది మా కోడలు పోలేరమ్మ. దిగితే వల కోస్తామని సంఘం కుర్రవాళ్లు కత్తులు పెట్టుకొని ఉన్నారు. ఆ వల చిన్నపోలయ్య అల్లినది. దాని మీద కత్తి పడితే ఆమె ఒడ్డుకు రాదు.

కావున తమరు అమావాస్యకు ముందే స్వయముగా విచ్చేసి, మాకొక పాడు ఇప్పించవలెనని ప్రార్థన. శాస్త్రం తప్పని నేను అనను. చావు పడిన నెలను తూకంలో పెట్టవద్దని మాత్రమే నా మొర. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముత్యాలయ్య

మరచినాను: పోలీసులను పంపవద్దు. పడవ తిరగబడిన దినం నీళ్లలో మునిగి మా వాడిని ఒడ్డుకు మోసుకొచ్చినది గంగాధరమే. సున్నా వేసేముందు వాడు రెండుసార్లు కలం కింద పెట్టినాడు. చూసినాను. మా మాట వింటే నలుగురిలో వాడు ఓడినట్టవుతుంది. తమరు చదువుకొన్నవారు. వాడి లెక్కలోనే వాడికి చెప్పండి, దిగివస్తాడు. ఇక నాకు మిగిలిన బిడ్డ వాడే.