తలకు కట్టిన గుడ్డ

గుంటూరు,
14 నవంబరు 2024, గురువారం.

ప్రియమైన సిద్దికా అక్కకు,

నీ చెల్లెలు హీనా సలాములతో రాస్తున్నది. ఇక్కడ హాస్టల్లో నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, అమ్మ, నీ కూతురు నగ్మా చల్లగా ఉండాలని దువా చేస్తున్నాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మీ ఇంట్లో ఫోనంటే వీధంతా వినిపించే స్పీకరు. ఇది అమ్మ చెవిన పడకూడని మాట. అమ్మకు చదువు రాదు గనుక కాగితమే నయం. మిర్చి యార్డుకు బస్తాలు తెచ్చిన మన ఊరి కలీం అన్న సాయంత్రానికల్లా నీ చేతికే ఇస్తానన్నాడు. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

మా నర్సింగు కాలేజీలో ఒక పని పెట్టారు. రిజిస్టర్డ్ నర్సు ఒకరిని కలిసి, ఈ వృత్తి గురించి ప్రశ్నలడిగి రాసుకు రావాలి. నేను ఒక ఆసుపత్రిలో క్యాజువాలిటీ చూసే వెంకటరావమ్మ సిస్టర్ దగ్గరికి వెళ్లాను. మనిషి గయ్యాళి. ప్రశ్నల కాగితం తీయగానే, ముందు చేతులు కడుక్కురావే అని కసిరింది. నాకు వెంటనే నచ్చింది.

ఈ ఉద్యోగానికి ముఖ్యంగా ఏం కావాలండీ అని అడిగాను. ఓర్పు, సేవాభావం అంటుందనుకుని పెన్ను పట్టుకుంటే, ముక్కు కావాలమ్మాయ్ అంది. పత్తికీ మిరపకీ మందు కొట్టే రోజుల్లో, ఫిట్స్ అంటూ పిల్లల్ని ఎత్తుకొస్తారట. నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, కనుపాపలు ఆవగింజంత. ఏమైనా తాగిందా అని డాక్టరు అడిగితే తల్లి ఒట్టేసి లేదంటుందట. అబద్ధం కాదు, తాగలేదు. పేలు పోవాలని పొలంలో మిగిలిన పురుగుమందు తలకు రాసి గుడ్డ కట్టి ఉంటారు. అది తలలోంచి ఒంట్లోకి దిగుతుందని వాళ్లకు తట్టదు, అందుకే చెప్పరు. కాబట్టి సిస్టర్ ముందు బిడ్డ తల వాసన చూస్తుందట. అలా వచ్చినవాళ్లంతా బతికారా అని అడిగాను. నేను వాసన పట్టగలిగినవాళ్లలో చాలామంది బతికారు అని, డ్రిప్పు సరిచేయడానికి లేచి వెళ్లిపోయింది.

తిరిగొచ్చి, నువ్వెందుకు చేరావే అని నన్నడిగింది. అందరికీ చెప్పేదే చెప్పాను. మా చెల్లి సైదా నాలుగేళ్లకే మూర్ఛ వచ్చి పోయింది, అందుకని. ఆ రోజు పిల్ల తలకు గుడ్డ కట్టి ఉందా అని సిస్టర్ అడిగింది. గుర్తులేదన్నాను. ఆ తర్వాత నా ప్రశ్నలు సగం అడగనే లేదు.

నిన్న ఫోనులో నగ్మా తల నిండా పేలున్నాయని నువ్వన్నావు. శుక్రవారం తలంటుకు ముందు నేను మందు రాస్తాలే, అల్లుడు మిరపకు కొట్టగా డబ్బా అడుగున కాస్త మిగిలింది అని అమ్మ వెనక నుంచి అంది. వద్దమ్మా, ప్రాణం మీదికొస్తుంది అని అరిచాను. అమ్మ నవ్వింది. మీ ముగ్గురికీ రాశాను, ఏమైందే, నాలుగు ముక్కలు చదివి నాకే చెబుతావా అంది. నువ్వూ నవ్వావు.

నాకు అప్పటినుంచి అన్నం సహించడం లేదక్కా. రేపే శుక్రవారం. ఆ డబ్బా బావకిచ్చి ఇంట్లోంచి తీయించెయ్. ఊరికే దాస్తే అమ్మ వెతికి పట్టుకుంటుంది.

నగ్మాకు ముద్దులు.

నీ చెల్లెలు,
హీనా

తా.క.: సిస్టర్‌తో గుర్తులేదని అబద్ధం చెప్పాను. అమ్మ పాత ఆకుపచ్చ చీర చింపి సైదా తలకు కట్టింది. కళ్లు మండుతున్నాయని అది ఏడిస్తే నేను ఊదాను. ఆసుపత్రిలో ఏమైనా తాగిందా అని అడిగితే అమ్మ అల్లా మీద ఒట్టేసి లేదంది. సైదాకు వచ్చింది మూర్ఛ కాదక్కా. ఇది తెలిస్తే అమ్మ బతకదు, చదవగానే కాగితం పొయ్యిలో వేసెయ్. ఈ సాయంత్రమే నగ్మాకు గుండు చేయించు. అంత జుట్టు తీయించావేమే అని అమ్మ శాపనార్థాలు పెడుతుంది. పెట్టనీ. హీనా చెప్పిందని చెప్పు.