యజమాని పేరు

మార్చి 14, మంగళవారం

చిట్టితల్లీ,

ఇవాళ దుప్పట్లు మూడు ఉతికాను. మీ నాన్నని నాలుగుసార్లు పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మందులు వేళకి పడ్డాయి. ఫ్రాకుల నమూనాలు ఆరు కత్తిరించి పోస్టు చేశాను. ఇంకో పని కూడా చేశాను. ఫోనులో చెబితే మధ్యలో అడ్డుపడతావు, అందుకని ఈ ఉత్తరం.

పిల్లల బట్టల నమూనాలు అమ్మే నా వెబ్‌సైటు పేరు నాది కాదని ఆర్నెల్ల కిందటి దాకా నాకే తెలియదు. దాన్ని వేరే కంపెనీకి మారుద్దామంటే "యజమాని ఒప్పుకోవాలమ్మా" అన్నారు పేరు అమ్మిన కంపెనీవాళ్లు. పదకొండేళ్ల కిందట ఆ పేరు కొన్నప్పుడు ఫారంలో 'యజమాని పేరు' అన్న గడి వచ్చింది. గ్యాసు పుస్తకం నుంచి నీ బడి దరఖాస్తు దాకా అలాంటి గడుల్లో మీ నాన్న పేరే రాసిన చెయ్యి. యజమాని అంటే మొగుడేగా! ఆయన పేరు, ఆయన ఫోన్ నంబరు రాసేశాను. ఏటేటా గడువు పొడిగించింది నేను. కొన్నవాళ్లకి జవాబులిచ్చింది నేను. కాగితం మీద సొంతదారు మాత్రం ఆయన.

మార్చమని అడిగాను. పేపరు దించకుండానే, "నేనుండగా నీకెందుకే ఆ బెంగ? వంటింట్లో మనిషికి పేరెందుకు?" అన్నారు. మళ్లీ అడిగితే, "తమ్ముడికి రాసిచ్చేస్తా, నీ పోరు వదులుతుంది" అన్నారు.

తర్వాత పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. తెలివి మాత్రం నిక్షేపంగా ఉంది. మొన్న ఆదివారం మీ బాబాయి వచ్చాడు.

"వదినా, బట్టల కంపెనీవాళ్లు ఆ పేరుకి మంచి ధర ఇస్తారట. అన్నయ్య నాకిస్తానన్నాడుగా. కాస్త కోలుకోగానే ఆ పని చూస్తాను."

"మరి నా పని?"

"ఇంకో పేరు పెట్టుకో వదినా. కుక్కపిల్లకి పెట్టుకోమా ఏంటి!"

మంచం మీద మీ నాన్న నవ్వారు. మూతి సగమే కదిలింది, కానీ నవ్వే.

ఆ రాత్రి ఫోనులో చెబితే, "నాన్నకి మాట రానీ అమ్మా, అప్పుడు అడుగుదాం" అన్నావు నువ్వు. వచ్చే నెలకి వస్తుందని డాక్టరు అన్నారు. అందుకే ఈ నెలే చేశాను.

మధ్యాహ్నం ఆ పేరు అమ్మిన కంపెనీకి యజమాని మార్పు దరఖాస్తు పెట్టాను. ఒప్పుకోలు కోసం ఆయన ఫోనుకి ఓటీపీ నంబరు పంపారు. ఆ ఫోను ఆయన వేలిముద్రకే తెరుచుకుంటుంది. "పేరు నాకు మార్చుకుంటున్నానండీ" అని ఎదురుగా నిలబడి చెప్పాను. తల అడ్డంగా ఊపారు. ఎడమ చెయ్యి పిడికిలి బిగించారు. కుడి చెయ్యి బిగించలేరు కదా. దాని బొటనవేలు తడిగుడ్డతో తుడిచి ఫోనుకి ఆనించాను.

ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. అవీ తుడిచాను. తర్వాత పాలు పట్టాను, చుక్క ఒలకలేదు.

సాయంత్రానికి ఆ గడిలో నా పేరు చేరింది. తప్పంటావని తెలుసు, అను. మాట వచ్చాక ఆయన మొదట ఏమంటారో వినాలని మాత్రం ఉంది. పక్కనే కూర్చుంటాను.

నీ
అమ్మ

పదకొండేళ్ల కిందట ఆ పేరుకి మొదటి ఏడాది రుసుము ఆయన జేబులోంచి కట్టాను. ఆ సొమ్ము ఇవాళ ఆయన దిండు కింద పెట్టి, పుస్తకంలో పద్దు కొట్టేశాను. బాకీ చెల్లు.