ఆమె పంపొద్దన్న వెర్షన్

బావమరిదికి,

ఆఖరి రోజు మీ అక్క, ఫోను లైను మీద ఫైళ్లు పంపే తన ప్రోగ్రాం కొత్త వెర్షన్‌ను పరీక్షిస్తూ, పొద్దున పదకొండింటి దాకా మోడెం దగ్గరే కూర్చుంది. ఫైలు వెళుతుండగా కావాలనే ఫోను వైరు పీకి, ఆగిన చోటి నుంచి మళ్లీ వెళుతుందో లేదో చూసింది. "వెళుతోంది గానీ, ఒక్కోసారి అవతలివాళ్ల పాత ఫైలు చెరిగిపోతోంది. ఇంకా పచ్చిగానే ఉంది, ఎవరికీ ఇవ్వకండి" అంది. మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకెళ్లాను. సాయంత్రానికి లేదు.

ఆ మాట నీకు చెప్పలేదు. తరవాత నువ్వు, "కొత్త వెర్షన్ అయిపోయినట్టేనా బావా?" అని అడిగితే అయిందన్నాను. ఆమె చివరి పని ఒక డిస్కులో పడి ఉండటం నేను చూడలేకపోయాను. పాతది తీసేసి, అందరూ ఫోను లైను మీద ప్రోగ్రాం దించుకునే చోట దాన్ని నేనే పెట్టాను.

నిన్న రక్తపరీక్షల ల్యాబు ఆయన ఫోన్ చేశాడు. "మీ కొత్త వెర్షన్ వేశాక, మాకు ఫైలు వస్తుండగా మధ్యలో లైను తెగింది సార్. రెండు వారాల రిపోర్టులు కనిపించడం లేదు" అన్నాడు. నీకు చెబితే, "టెలిఫోను లైనే బాగాలేదని చెప్పేయ్ బావా. పోయిన మనిషి మీద నిందెందుకు?" అన్నావు. నువ్వు నిజం తెలియక అన్నావు. అప్పుడైనా నేను నోరు విప్పలేదు.

పంపిణీ ఇందాకే ఆపేశాను. కానీ ఇప్పటికే పదకొండు చోట్ల దించుకున్నారు. ఈరోజు సెలవు, ఎవరూ ఫోను ఎత్తడం లేదు. రేపు తొమ్మిదింటికి వాళ్లు ఫైళ్లు పంపడం మొదలుపెడతారు.

రేపు ఉదయం ఎనిమిది నుంచే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. ఆమె వద్దన్నదాన్ని నేను పంపానని చెబుతాను.

మీ బావ