చంటిగాడి నెట్‌వర్క్

పిన్నికి,

చంటి నమస్కారాలు. ఫోన్లో చెబుదామంటే స్టాఫ్‌రూం గోడలకు చెవులున్నాయి, అందుకే ఈ ఉత్తరం. సైన్సు విభాగానికి ఒకరిని పెద్దగా వేస్తున్నారు. మా హెడ్‌మిస్ట్రెస్ గారు మెలిక పెట్టారు: ఆన్‌లైన్‌లో గ్రూపు కట్టి, తోటి టీచర్ల దగ్గర ఎవరు బాగా నేర్చుకుంటే వాళ్లకే ఆ పదవి. నేనూ గ్రూపు తెరిచి నా పాఠాలు పెట్టాను. ఈగ కూడా వాలలేదు. నువ్వు నాలుగు పేర్లతో చేరి "చాలా ఉపయోగకరం" అని రాయవా?

నీ చంటి

తా.క. అక్కడ నన్ను సార్ అనాలి.

*

చంటిగాడికి,

పిన్ని దీవెనలు. కుట్టుమిషన్ ఆపి మరీ చేరాను. నాలుగు పేర్లతోనూ మెచ్చుకున్నాను. ఈలోగా 'జిజ్ఞాసువు' అని ఎవరో ఊడిపడి, మంట ఎలా మండుతుందన్న నీ పాఠం వింటే పిల్లలు నిద్రపోతారని రాశారు. నాకు ఒళ్లు మండింది. నలుగురమూ కలిసి కడిగిపారేశాం.

మీ పిన్ని

తా.క. కోపంలో "మా చంటిగాణ్ణి అంటారా" అని రాశాను. తుడిచేశాలే, ఓ గంటాగి.

*

పిన్నీ,

నీ కాళ్లు పట్టుకుంటాను. నా పాఠాలు నిజంగా చదివేది ఆ జిజ్ఞాసువు ఒక్కరే. ఉపన్యాసం ఆపి, వెలిగే కొవ్వొత్తి మీద గాజుగ్లాసు బోర్లించి చూపమన్నారు. చూపాను. వెనక బెంచీవాళ్లు లేచి బల్ల దగ్గరికొచ్చి "మళ్లీ చెయ్యండి సార్" అన్నారు. ఇన్నేళ్లలో నన్ను అలా అడిగినవాళ్లు లేరు. ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే క్షమాపణ చెప్పు.

నీ చంటి

తా.క. పదవి రాకపోతే నన్ను ఆటల పీరియడ్లకు తోసేస్తారట. నాకు విజిల్ ఊదడం కూడా చేతకాదు.

*

చంటీ,

దీవెనలు. నాలుగు పేర్లూ నావేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పాను. ఆవిడా టీచరేనట, మంచి మనిషి. మాటల్లో మీ స్కూలు సంగతి అడిగింది. మీ హెడ్‌మిస్ట్రెస్ మధ్యాహ్నం తలుపేసుకుని కునుకు తీస్తుందనీ, ఆవిడ ప్రసంగం మొదలెడితే గడియారం కూడా ఆగిపోతుందని నువ్వన్నావనీ చెప్పాను. శ్రద్ధగా విన్నది.

మీ పిన్ని

తా.క. "ఇంకా ఏమంటాడు?" అని అడిగింది. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, చెప్పేశాను.

*

పిన్నీ,

కొంప ముంచావు. ఆ జిజ్ఞాసువు మా హెడ్‌మిస్ట్రెస్సే. గదిలోకి పిలిచి నువ్వు రాసినవన్నీ చదివి వినిపించారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి, "నీ గ్రూపులో ఐదుగురున్నారు. అసలు టీచర్లెందరు?" అని అడిగారు.

ఇంక దాచి లాభం లేదనుకుని, "మీరొక్కరే మేడం. మీరూ దొంగపేరుతోనే ఉన్నారు" అన్నాను.

దాంతో ఆవిడ తన గోడు చెప్పుకొచ్చారు. ఆవిడ గ్రూపులో రెండొందలమంది ఉన్నారట. అందరూ ఆవిడ కింద పనిచేసేవాళ్లే, ఏం పెట్టినా దండం బొమ్మలే. మొహం మీద తప్పు చెప్పింది ఇన్నాళ్లకు నువ్వొక్కదానివేనట. చెప్పింది విని పాఠం మార్చుకున్నది నేనేనని పదవి నాకే ఇచ్చారు. ఆవిడెవరో నీకు తెలియకూడదని మాత్రం షరతు పెట్టారు, తెలిస్తే నువ్వూ మర్యాదలు మొదలెడతావని. చెప్పకపోతే ఇంకేం వాగుతావోనన్న భయంతో చెబుతున్నాను. నువ్వు ఏమీ ఎరగనట్టే ఉండి ఆవిణ్ణి దులుపుతూనే ఉండు.

నీ చంటి

తా.క. మొన్న ఏదో విషయంలో "మీరన్నదే నిజం" అని ఒప్పుకున్నావట. అప్పటినుంచీ ఆవిడ ముభావంగా ఉన్నారు. ఈ ఉత్తరం అందగానే దేనికో ఒకదానికి పోట్లాడు.