బెంచీ మీద ఉప్పు

అమ్మా, నేను క్షేమం.

ఈ ఉదయం ప్రార్థనకు వెళుతూ చూశాను, మైదానంలో బెంచీ మీద నేను కూర్చునే చోట ఎవరో ఉప్పు చల్లారు. దిష్టి పోవడానికట!

మా కాలేజీ బేస్‌బాల్ జట్టు ఈ ఏడాది ఎన్నడూ లేనంతగా గెలుస్తోంది. శనివారం ఫైనల్. స్కోరు రాసేది నేనే. మంగళవారం ఆటలో మా జట్టు డ్వేన్ విసిరిన బంతిని చాలాసేపు అవతలివాళ్లు ఒక్కరూ సరిగా కొట్టలేకపోయారు. అలాంటప్పుడు ఆ మాట పైకి అంటే దిష్టి తగులుతుందట, అతని దగ్గరకు కూడా పోకూడదట. నేను చదివిన నిబంధనల పుస్తకంలో అది లేదు. అతణ్ణి అందరూ వెలివేశారనుకుని మంచినీళ్లిచ్చి, "ఇంతవరకు నీ బంతి ఒక్కరూ కొట్టలేదు డ్వేన్" అన్నాను. తర్వాతి బంతినే ఎవడో బాదాడు.

"నోరు తెరవని పిల్లవి, ఇవాళే తెరవాలా తల్లీ! ఫైనల్‌కు నువ్వు జనంలో కూర్చో" అన్నాడు కోచ్.

"నేనే చెత్తగా వేశాను సార్, ఆమెనంటారేంటి?" అన్నాడు డ్వేన్. ఎవరూ వినలేదు.

వీళ్లు భౌతికశాస్త్రం చదువుతున్నారమ్మా! బ్యాట్ తిప్పింది నా నాలుకా? శనివారం నా చోట్లోనే కూర్చుంటానని కోచ్‌కు మొహం మీదే చెప్పాను.

నా గోధుమరంగు స్వెట్టర్ పంపు. మొక్కజొన్న విత్తారా? నాన్న మోకాలెలా ఉంది? అమ్మమ్మను నాకోసం జపమాల చెప్పమను. ప్రభువు మీకందరికీ తోడుండాలి.

నీ లోరీన్

అన్నట్టు, మంగళవారం ఆట కూడా మేమే గెలిచాం.