గురువారం మఠం

అమ్మోనిసి ద్వీపం,
15 జూన్ 1984.

చిరంజీవి తమ్ముడు యాకోవోస్‌ను అక్క అర్గిరో ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మేకలు కూడా.

నిన్న ఉదయం సంగతి రాస్తాను. ఎప్పటిలాగే లేచాను. పాలు పితికి పొయ్యి మీద పెట్టాను. ఎండు రొట్టె నీళ్లలో తడిపి, టమాటా తురిమి, కాస్త నూనె వేసుకుని తిన్నాను. నూనె సీసా, చీపురు పట్టుకుని కొండదారిన మన చర్చికి వెళ్లాను. తాళంచెవి తలుపుకే ఉంది, అమ్మమ్మ కాలం నుంచి ఉన్నట్టే. దీపం వత్తి కత్తిరించి నూనె పోశాను. కళ్లను కాచే తల్లి పరస్కేవి పటం తుడిచాను. చూపు బాగుపడినవాళ్లు మొక్కు చెల్లించి కట్టిన వెండి కళ్లన్నీ గుడ్డతో రుద్దాను. అరుగు మీది మేక పెంటికలు ఊడ్చాను. చెల్లెలు ఫ్రోసో మొగుడు జకరియాస్ ప్రహరీ మీద ఆరేసిన ఆక్టోపస్‌ను పిల్లి లాగుతుంటే అదిలించాను. ప్రార్థన మొదలుపెట్టాను.

సగంలో పడవ వచ్చింది. నిండా మనుషులు. ఒంటి మీద బట్టలు మాత్రం నిండుగా లేవు. ముందు నడిచిన గైడు అమ్మాయి నా వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పింది. వాళ్లు వరుసలో నిలబడి ఒక్కొక్కరే నా చెయ్యి ముద్దుపెట్టుకున్నారు. చేతికి పెంటికల చీపురు వాసన ఉంది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

తర్వాత ఆ అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను.

"ఏమ్మా, ఏం చెప్పావు వీళ్లకి?"

"మీరు మఠాధిపతి అని చెప్పానండి."

"ఏ మఠానికి?"

"ఇదేనండి," అంది, మన మేకల కొట్టంతో సహా చూపించి.

ఆమె మెడలో వేలాడే బిళ్ల మీద నువ్వు పనిచేసే యాత్రల కంపెనీ పేరుంది. నీకేమైనా తెలిస్తే రాయి.

ఇట్లు,
అక్క అర్గిరో.

తా.క.: పొట్టి లాగులతో చర్చిలోకి రాకూడదని ఫ్రోసో తన లంగాలు తెచ్చి మగవాళ్లకు కట్టింది. ఒక జర్మను ఆయన ఎర్రపూల లంగాతోనే పడవెక్కి వెళ్లిపోయాడు. అది తనకు కావాలంటోంది.


పిరేయస్,
22 జూన్ 1984.

పూజ్యురాలైన పెద్దక్కయ్యకు తమ్ముడు యాకోవోస్ నమస్కరించి రాయునది.

అక్కయ్యా, నీ ఉత్తరం చూసి నా గుండె పొంగింది. మన ఊరికి పడవ వచ్చిందా! ఇక మన దశ తిరిగినట్టే.

జరిగింది చెబుతాను, కోప్పడకు. నా బల్ల మీద నీ ఫోటో ఉంది కదా, అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు కడుతున్న నల్లబట్టల్లో, చర్చి గుమ్మం దగ్గర. మా డైరెక్టర్ కరబెలాస్ గారు అది చూసి, "అబ్బ, ఎంత కళగల మఠాధిపతి! ఎక్కడయ్యా ఈ మఠం?" అన్నారు. ఆయన మాట కాదంటే మర్యాదగా ఉండదు. ఊరి పేరు మాత్రం చెప్పాను. మిగతాది ఆయనే ఊహించుకున్నారు. ఇప్పుడు 'ద్వీపాల ప్రాచీన చర్చీలు, మఠాలు' యాత్రలో మనది గురువారం.

నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. ఉన్నట్టే ఉండు. మాట్లాడకు. నీకది కష్టం కాదని నాకు తెలుసు. ఈ వేసవి సాఫీగా గడిస్తే నన్ను ఆ విభాగానికి అధికారిని చేస్తారు. పెద్దయ్యాక నేను ఏదైనా అవుతానని ఇంట్లో నమ్మింది నువ్వొక్కదానివే. ఆ నమ్మకం ఇంకొక్క వేసవి నిలబెట్టు.

ఇట్లు,
నీ ముద్దుల తమ్ముడు యాకోవోస్.

తా.క.: జర్మను ఆయన కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆ లంగాను మఠం ప్రసాదం అనుకున్నాడట. అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాడట. ఫ్రోసోక్కను ఓర్చుకోమను.


అమ్మోనిసి,
29 జూన్ 1984.

చిరంజీవి యాకోవోస్‌కు అక్క దీవెనలు.

నీ మాట విన్నాను. మాట్లాడలేదు. ఫలితం రాస్తాను.

నేను మాట్లాడకపోవడం చూసి గైడు అమ్మాయి నేను మౌనవ్రతంలో ఉన్నానని చెప్పింది. పదిహేనేళ్లుగానట. జకరియాస్ అరుగు మీద వల బాగుచేసుకుంటుంటే, అది ప్రాయశ్చిత్తమని చెప్పింది. అతను సిగరెట్టు కాల్చుకుంటే అది ధూపం కాదని మాత్రం నిజం చెప్పింది. లినార్దోస్ మామయ్య కొట్టం నీడలో గుర్రుపెట్టి నిద్రపోతుంటే, ధ్యానం అని చెప్పి అందరినీ ముని వేళ్ల మీద నడిపించింది. మామయ్యను అంత గౌరవంగా చూసిన మనుషులను నేనెప్పుడూ చూడలేదు.

మామయ్య లేచాక అన్నాడు: "ఒసే అర్గిరో, వీళ్లెవరే నా ఫోటో తీసుకుంటున్నారు? నేను పోయానా ఏంటి కొంపదీసి?"

యాకోవోస్, నువ్వు పైకి రావడం నాకూ ఇష్టమే. కానీ తల్లి పరస్కేవి ముందు నిలబడి లేనిదాన్ని ఉన్నట్టు నటించలేను. కరబెలాస్ గారికి నిజం చెప్పు. చర్చి చూడాలనుకునేవాళ్లు రావచ్చు. తలుపుకు తాళంచెవి ఎప్పుడూ ఉంది.

ఇట్లు,
అక్క.

తా.క.: చివరికి ఉండబట్టలేక ఒక్క మాట అన్నాను: "కాళ్లు తుడుచుకోండి." పదిహేనేళ్ల మౌనం భగ్నమైందని ఇద్దరు ఆడవాళ్లు ఏడ్చారు. ఒకామె కాళ్లు తుడుచుకుంటూనే ఏడ్చింది. ఆమె మంచిది.


పిరేయస్,
5 జూలై 1984.

పూజ్య అక్కయ్య పాదాలకు నమస్కారాలు.

నిజం చెబుదామని కరబెలాస్ గారి గదిలోకి వెళ్లాను. ఒట్టు. నేను నోరు తెరిచేలోపే ఆయన నన్ను కావలించుకున్నారు. నీ మౌనం భగ్నమైన కథ ఒక పత్రికలో అచ్చయింది అక్కయ్యా! అది చదివి బిషప్ గారి కార్యాలయమే కంపెనీకి ఉత్తరం రాసింది, ఈ మఠం ఏది, మాకు తెలియదే అని. చూశావా, బిషప్ గారి వాళ్లకే తెలియనిది మనం కనిపెట్టాం!

కరబెలాస్ గారు గర్వంగా జవాబు రాయించారు. పన్నెండో శతాబ్దపు మఠమనీ, తొమ్మిది మంది సన్యాసినులున్నారనీ. ఆయనకు అందమైన అంకెలంటే ఇష్టం. మన చర్చిని అమ్మమ్మ కట్టించిందని నాకు గుర్తుంది. అమ్మమ్మ కూడా చాలా పాతకాలం మనిషే కదా.

ఇట్లు,
కాబోయే విభాగాధికారి యాకోవోస్.

తా.క.: మిగతా సన్యాసినులేరీ అని ఎవరైనా అడిగితే లోపల ప్రార్థనలో ఉన్నారని చెప్పు. ఫ్రోసోక్క గొంతు బయటికి వినపడకుండా చూసుకో. ఆ గొంతుకు, ప్రార్థనకు పొంతన కుదరదు.


అమ్మోనిసి,
11 జూలై 1984.

యాకోవోస్,

దీవెనలు తర్వాత. బిషప్ గారి కార్యాలయం నుంచి నాకు ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. అనుమతి లేని మఠం ఉండడానికి వీల్లేదట. ఏ మఠమైనా, దాని ఆస్తి, తాళంచెవి వాళ్ల చేతిలో ఉండాలట. మన తల్లి పరస్కేవి పండుగనాడు, ఈ నెల ఇరవయ్యారున, గెరాసిమోస్ అనే డీకన్ వస్తాడట. తాళంచెవి తీసుకుని, చర్చికి తాళం వేసి, నిజమైన మఠాధిపతిని పంపిస్తారట.

తాతయ్యకు చూపు పోయినప్పుడు అమ్మమ్మ మొక్కుకుంది. చూపు వచ్చాక ఆ రాళ్లు తన వీపు మీద మోసింది. ఆ రోజు నుంచి ఆ తలుపుకు తాళం పడలేదు. గాలివానలో చిక్కిన జాలరి ఏ వేళ వచ్చినా లోపల దీపం ఉంటుంది. ఇప్పుడది పోతుంది, నీ డైరెక్టర్ గారికి అంకెలంటే ఇష్టం కాబట్టి.

మఠం కాదని నేను చెబితే ఎవరు నమ్ముతారు? పెళ్లి లేదు. నల్లబట్టలు. రెండు పూటలా దీపం. తక్కువ మాటలు. వాళ్లు ఉత్తరానికి జతచేసిన ఆ పత్రిక వ్యాసం నాకు నేనే చదువుకున్నాను. సగం నమ్మాను.

ఇది మఠం కాదని మీ కంపెనీ చేత రాయించి పంపు. వెంటనే.

అక్క.

తా.క.: ఇప్పుడే తెలిసింది, ఫ్రోసో పేరు కూడా సన్యాసినుల్లో ఉందట. జకరియాస్ చాలా సంతోషించాడు. ఎప్పటి నుంచి చేరాలో కనుక్కోమన్నాడు.


పిరేయస్,
18 జూలై 1984.

అక్కయ్యా, అక్కయ్యా,

నన్ను క్షమించు. నాకు అన్నం సహించడం లేదు. కరబెలాస్ గారికి అంతా చెప్పేశాను, చేతులు కట్టుకుని. ఆయన నెమ్మదిగా విని, "అయ్యో, కరపత్రాలు అచ్చయిపోయాయే," అన్నారు. అంతే. ఏమీ రాసివ్వరట. పైగా ఇరవయ్యారున ఆయనే స్వయంగా గురువారం పడవలో వస్తున్నారు. నాకు సెలవివ్వలేదు.

ఆలోచించాను. చర్చి ముందు బట్టలు ఆరేస్తే ఎలా ఉంటుంది? పోనీ, ఎనిమిది మంది చనిపోయారని, మఠం మూతపడిందని చెబితే? డీకన్ సమాధులు అడిగితే మాత్రం ఇబ్బంది.

దారి తోచక నిన్న ఇక్కడి చర్చిలో నిలబడి తల్లి పరస్కేవికి మొక్కుకున్నాను. తాళంచెవి మన దగ్గరే ఉండిపోతే, రేవు నుంచి మన చర్చి దాకా మోకాళ్ల మీద వస్తానని. రాళ్లదారినే. కొవ్వొత్తి వెలిగించి మరీ మొక్కాను. ఇక ఆ తల్లిదే భారం, నీదే భారం.

ఇట్లు,
నీ అభాగ్యపు తమ్ముడు.

తా.క.: మొక్కు సంగతి నాకూ, తల్లికీ, ఇప్పుడు నీకూ తెలుసు. ఫ్రోసోక్కకు చెప్పకు. రేవు నుంచి చర్చికి ఇంకేదైనా దగ్గరి దారి వేశారేమో కనుక్కో.


అమ్మోనిసి,
27 జూలై 1984.

చిరంజీవి యాకోవోస్‌ను అక్క అర్గిరో మనసారా ఆశీర్వదించి రాయునది.

నిన్న పండుగ జరిగింది. డీకన్ గెరాసిమోస్ ఉదయం వచ్చాడు. చిన్నవాడు, దళసరి కళ్లద్దాలు, చంకలో కాగితాల సంచి. ప్రార్థన కాగానే ఆ సంచి విప్పాడు. సరిగ్గా అప్పుడే మీ కంపెనీ పడవ వచ్చింది.

"మఠాధిపతి ఎవరు?" అన్నాడు డీకన్.

యాత్రికులందరూ నా వైపు చూపించారు. కరబెలాస్ గారు కూడా చూపించారు. అలవాటు కాబోలు.

"ఈవిడ మౌనవ్రతంలో ఉన్నారండి," అంది గైడు అమ్మాయి.

"మౌనమా? ఇదా?" అని లేచింది ఫ్రోసో. "పులుసులో ఉప్పెక్కువైందని పొద్దున్నుంచి నన్ను సాధిస్తూనే ఉంది!"

"పులుసేమిటి?" అన్నాడు డీకన్.

ఏటా వండేదే. అరుగు పక్కన పెద్ద గుండిగలో మేక మాంసం ఉడుకుతోంది. పండుగనాడు వచ్చినవాళ్లెవరైనా తినే వెళ్లాలి కదా. డీకన్ తొంగి చూశాడు. కళ్లద్దాలకు ఆవిరి పట్టింది.

"మఠంలో మాంసమా?"

"మఠమెక్కడుంది నాయనా?" అన్నాడు లినార్దోస్ మామయ్య. "నీకేమైనా కనిపిస్తే మాకూ చూపించు. డెబ్భై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను, నాకు కనపడలేదు."

డీకన్ తల అడ్డంగా ఊపాడు. "మాంసం మీరు తింటారు సరే. ఆవిడ తినరేమో. ఆ బట్టలు చూడండి. ఆ ముఖం చూడండి. నేను చూసిన మఠాధిపతులెవరికీ ఇంత శాంతం లేదు." అని తాళంచెవి కోసం తలుపు మీద చెయ్యి వేశాడు.

అదే సమయంలో వయొలిన్ మొదలైంది. మన పద్ధతి నీకు తెలుసు. చర్చి ఏ ఇంటిదో ఆ ఇంటి పెద్దబిడ్డ చేతులు పట్టుకున్న నాట్యవలయానికి ముందు నిలబడి ఆడితే గాని పండుగ ఆట మొదలవదు. అమ్మ పోయిన దగ్గర నుంచి నా బదులు ఫ్రోసో ఆడుతోంది. సంతాపపు నల్లబట్టల్లో ఉన్నవాళ్లు ఆడరు. అవి తీసే రోజు ఎప్పుడో దాటిపోయింది. నాకే తీయాలని తోచలేదు.

నేను లోపలికి వెళ్లాను. తల్లితో ఒక్క మాట చెప్పుకున్నాను. వెనకే వచ్చిన ఫ్రోసో తన నీలం గౌను విప్పి ఇచ్చి, నా నల్లది తను వేసుకుంది. బయటికి వచ్చి, రుమాలు చేతపట్టి, ముందు నిలబడ్డాను. ఆడాను. దాని గురించి అంతకంటే రాయను. మామయ్య ఏడ్చాడు. వయొలిన్ వాయించేవాడు ఒకచోట వాయించడం మరిచిపోయాడు.

డీకన్ తలుపు మీద నుంచి చెయ్యి తీశాడు. కాగితాలు సంచిలో పెట్టాడు. "సన్యాసినులు ఆడరు," అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని, "ఇంత బాగా అసలే ఆడరు," అన్నాడు. ఇది కుటుంబపు చర్చి అని అక్కడే రాసి సంతకం పెట్టాడు. పులుసు మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. ఉప్పెక్కువైందని తనూ అన్నాడు. ఫ్రోసోకు అది మింగుడు పడలేదు. వెళ్లేముందు కళ్లకు రాసుకోవడానికి దీపం నూనె అడిగి పట్టుకెళ్లాడు.

నల్లబట్టల్లో గుండిగ దగ్గర నిలబడిన ఫ్రోసోను చూసి యాత్రికులు మఠాధిపతి మారారనుకున్నారు. చెయ్యి ముద్దు పెట్టుకున్నారు. ఫ్రోసో కాదనలేదు.

తాళంచెవి తలుపుకే ఉంది. నీ మొక్కు ఫలించింది.

ఇట్లు,
నీ అక్క అర్గిరో.

తా.క.: ఫ్రోసోకు చెప్పొద్దన్నావు. చెప్పలేదు. భోజనాల దగ్గర నీ ఉత్తరం చదివి వినిపించాను. పక్కనే కరబెలాస్ గారున్నారు. మఠం పోయిందని దిగులుగా ఉన్న మనిషి, మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి చెంచా కింద పెట్టి లేచి నిలబడ్డారు. ప్రాచీన ఆచారమట, సజీవమట, ఫోటోలకు బాగుంటుందట. అక్టోబరు దాకా ప్రతి గురువారం నిన్ను పంపిస్తానన్నారు. సాయంత్రం పడవ వెళ్లాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించాం. మొక్కు ఒక్కసారే, ప్రతి గురువారం కుదరదని నిర్ణయించాం. వచ్చే గురువారం మాత్రం, పడవ వచ్చే వేళకే, సరేనన్నాం. దారిలో రాళ్లు ఏరమంటారా అని జకరియాస్ అడిగాడు. వద్దని అందరం ఒక్కమాటగా అనుకున్నాం.