నేను చదవని పేపరు

అల్లుడుగారికి మీ మామ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అత్తగారూ కులాసా. మీరూ అమ్మాయీ పాపా కూడా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. ఎప్పుడూ రాసేది ఇంతవరకే. ఇకముందు రాయబోయేది అలాంటిది కాదు, కాబట్టి నిలబడి కాకుండా కూర్చుని చదవండి.

ఫోను చేసి అడగొచ్చు కదా అంటారు. ఫోనులో నాకు మాట పెగలదని మీకు తెలుసు. మీరు "చెప్పండి మామయ్యగారూ" అనగానే "ఏం లేదు, ఊరికే" అని అమ్మాయిని పిలవమంటాను. కోపం వచ్చినప్పుడు ఆ నాలుగు మాటలూ రావు. కాగితం మీదైతే మీరు మధ్యలో అడ్డుపడలేరు.

ముందు మీ ఉత్తరానికి జవాబు. మోకాలి నొప్పి తగ్గింది. కుట్టుమిషనుకు మోటారు పెట్టించుకోమన్నారు, ఆలోచిస్తాను. మీ అత్తగారి కంటికి ఇప్పుడే ఆపరేషను అక్కర్లేదన్నారు. పాపకు గౌను సరిపోయిందని రాశారు, సంతోషం. "నేను పంపిన ప్రశంసాపత్రానికి ఫ్రేము కట్టించారా?" అని అడిగారు. కట్టించాను. షాపులో మిషనుకు ఎదురుగా, వచ్చినవాళ్ళందరికీ కనపడేటట్టు గోడకు మేకు కొట్టి తగిలించాను. ఈ ఉత్తరం దాని గురించే.

అందులో ఉన్నదంతా ఇంగ్లీషు. నా పేరొక్కటే కూడబలుక్కుని చదువుకున్నాను. "మా కాలేజీలో జరిపిన సభ తరఫున మీకు గౌరవం" అని మీరు రాశారు. మా అల్లుడు అంతమంది పెద్దల్లో నా పేరు చెప్పుకున్నాడు కదా అని పొంగిపోయాను. పక్కన ఇస్త్రీ చేసే అతను వచ్చి చూసి, "ఏం ఘనకార్యం చేశావు పెద్దాయనా?" అన్నాడు. "ఏమో, మా అల్లుడికి తెలుసు" అన్నాను. నవ్వుకున్నాం.

పోయిన వారం మధ్యాహ్నం ఒక అమ్మాయి షాపుకు వచ్చింది. మన అమ్మాయి కంటే చిన్నది. భుజానికి సంచి, చెప్పుల నిండా దుమ్ము. "డాక్టరుగారు ఉన్నారా అండీ?" అంది. సందు చివర పిల్లల డాక్టరు ఉన్నాడు కదా, అటు చూపించాను. కాసేపటికి చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది.

"ఆయన కాదండీ. కంప్యూటర్ల డాక్టరుగారు" అని నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది.

"ఆ పేరు నాదేనమ్మా. డాక్టరు మాత్రం ఎవరో నాకు తెలీదు" అన్నాను.

ఆ పిల్ల గోడ మీది ఫ్రేము చూసింది. నా మెడలో వేలాడుతున్న టేపు చూసింది. స్టూలు మీద కూలబడింది. "ఏముందమ్మా అందులో?" అంటే తెలుగులో చెప్పింది. కంప్యూటరు భద్రత మీద జరిగిన అంతర్జాతీయ సదస్సుకు వచ్చిన పరిశోధన పేపర్లను క్షుణ్ణంగా పరిశీలించి, మంచిచెడ్డలు తేల్చినందుకు డాక్టరు ఫలానా వారికి కృతజ్ఞతలట. ఆ ఫలానా వాణ్ణి నేను.

తర్వాత ఫోనులో మీ సదస్సు పేజీ చూపించింది. పేపర్లు చదివి తేల్చే నిపుణుల వరసలో నా ఫొటో. మీ పెళ్లిలో తీసినది. మీ అత్తగారిని కత్తిరించేశారు గానీ ఆవిడ భుజం ఇంకా కనపడుతూనే ఉంది. షాపు పేరులో టైలర్స్ అన్న మాట తీసేసి రీసెర్చ్ సెంటర్ అని పెట్టారు. ఊరు పేరు మార్చడం మరిచిపోయినట్టున్నారు. ఆ పిల్ల ఈమెయిలు పంపి పంపి విసిగి, బస్సెక్కి వచ్చి, బజార్లో షాపు పేరు అడుక్కుంటూ నేరుగా నా దగ్గరికి చేరింది. నా కింద మీ నాన్నగారి ఫొటో కూడా ఉంది. ఆయన పోయిన సంగతి మీ సదస్సుకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

మీ అత్తగారు టీ పట్టుకొచ్చి సంగతి విని, "డాక్టరుగారూ, టీ చల్లారిపోతోంది" అంది. నాకూ నవ్వొచ్చింది. అంతలో ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఇక మేం నవ్వలేదు.

ఆ పిల్ల చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాస్తాను. తప్పుంటే దిద్దుకోండి, మీరు చదువుకున్నవారు. ఆసుపత్రిలో రోగి నరానికి మందు చుక్క చుక్కగా ఎక్కించే యంత్రం ఉంటుందట. ఈమధ్య వచ్చినవి తీగ లేకుండానే మాట వింటాయట. నర్సు తన బల్ల దగ్గర కూర్చునే డోసు మార్చొచ్చు. నర్సు కానివాడు కూడా మార్చగలడేమోనని భయం. అలాంటివాడి మాట యంత్రం వినకుండా చేసే ఉపాయం ఒకటి ఈ పిల్ల కనిపెట్టి, పేపరు రాసి, ముందు ఒక పెద్ద సదస్సుకు పంపింది. వాళ్ళు తిప్పి పంపారు. ఊరికే కాదు, నాలుగు పేజీలు చీవాట్లు పెట్టి పంపారు. అందులో ఒకాయన అడిగాడట: "కరెంటు పోయి వచ్చినప్పుడు మీ యంత్రం ఎవరి మాట వింటుంది? ఆ సంగతి పరీక్షించారా?"

పిల్లకు కోపం వచ్చింది. పరిశోధన చేయించే మాస్టారు తొందరపెట్టాడు. అదే పేపరు మీ సదస్సుకు పంపింది. మర్నాటికల్లా ఒప్పేసుకున్నారు.

ఒప్పుకున్న తర్వాత ఎందుకో మనసు పీకి, యంత్రం ఆర్పి వెలిగించి చూసిందట. వెలిగిన కాసేపు అది ఎవరు చెప్పినా విన్నది. వెంటనే "నా పేపరు ఆపండి, అందులో తప్పుంది" అని మీ సదస్సుకు రాసింది. అభినందనలు, ఫీజు కట్టండి అని జవాబు వచ్చింది. ఆ పేపరు చూసి ఈ ఉపాయాన్ని తమ యంత్రాల్లో పెట్టుకున్న కంపెనీకి రాసింది. "అంతర్జాతీయ సదస్సులో నిపుణులు చూసి సరేనన్నారు. వాళ్ళకంటే మీకు ఎక్కువ తెలుసా?" అన్నారట. కనిపెట్టిన పిల్లను పట్టుకుని! వాళ్ళ ఊరి పెద్దాసుపత్రిలో ఆ యంత్రాలు పెట్టడం కూడా మొదలైంది. ఒప్పుకున్న నిపుణుల్లో ఒక్కరైనా కాదంటే ఆపుతారని ఆశపడి నా దగ్గరికి వచ్చింది.

"నా పేపరు మీద మీరు రాసిన అభిప్రాయం ఇదిగో" అని చదివి వినిపించింది. ఆలోచన చాలా బాగుందట. ప్రయోగాలు తృప్తికరమట. అక్కడక్కడ ఇంగ్లీషు సరిచూసుకోవాలట. అల్లుడుగారూ, ఒకరి ఇంగ్లీషు సరిచూసుకోమనడానికి నేనెవర్ని?

"మా స్నేహితురాలి పేపరుకూ అక్షరం పొల్లుపోకుండా ఇదే రాశారు తాతగారూ" అంది. అప్పటికి అండీలు పోయి తాతగారిలోకి దిగింది.

"మరి మంచి సభో కాదో ఎట్లా తెలుస్తుందమ్మా? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నాను.

"పేరు చూస్తే తెలీదు. అంతర్జాతీయ అని అందరూ పెట్టుకుంటారు. వచ్చినవాటిలో ఎన్ని తిప్పి పంపుతారో చూడాలి. చదివేవాళ్ళెవరు, వాళ్ళు ఈ పని ఎప్పుడైనా చేశారా అని చూడాలి. అన్నిటికన్నా వాళ్ళు మనకేం రాశారో చూడాలి తాతగారూ. ఫలానా పేజీలో ఫలానా చోట తప్పావు అంటే చదివినట్టు. ఉత్తినే పొగిడితే..."

"చదవనట్టు."

"నాకప్పుడే అనుమానం వచ్చింది. పొగిడారు కదా అని నోరు మూసుకున్నాను. నాదీ తప్పే" అంది.

ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది. మీ మీద కోపం రెట్టింపైంది. తప్పు ఒప్పుకోవడానికి ఆ వయసు పిల్ల బస్సెక్కి వచ్చింది. మీరేమో ఫ్రేము కట్టించారా అని అడుగుతున్నారు!

మీరేమంటారో కూడా నాకు తెలుసు. ఫ్రేము సంగతి మీ అత్తగారు చెబితే అమ్మాయి నిన్న ఫోనులో అదే చెప్పింది, మీరు చెప్పించినట్టున్నారు. అందరూ చేసేదేనట. పేపర్లు లేకపోతే ప్రమోషను రాదట, సదస్సు జరిపితే కాలేజీకి పేరట, బయటి నిపుణులు ఇంతమంది ఉండాలని రూలుంటే పేర్లు ఎక్కణ్ణుంచి తెస్తారట. అయినా అలాంటి పేపర్లు ఎవరు చదువుతారు నాన్నా అంది. కంపెనీ చదివింది కదా! చదివి, నమ్మి, యంత్రాల్లో పెట్టింది. చదవనిది మీరొక్కరే. ఏమయ్యా, నీకు పిల్లనిచ్చినందుకు నా పేరు కూడా కట్నం కింద రాసిచ్చాననుకున్నావా? పోయిన తండ్రి పేరు వాడుకోవడానికి చెయ్యెలా వచ్చింది? మంచం మీద పడుకున్న ఏ తల్లికో తండ్రికో మందు ఎక్కువైపోతే, "మామయ్యగారు బాగుందన్నారు" అని నా మీదకు తోసేవాడివా?

ఏకవచనం వచ్చేసింది. ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఒక్కనాడు కూడా నువ్వు అనలేదు. ఆ వాక్యాలు కొట్టెయ్యబోయి ఆగాను. అలాగే ఉండనివ్వండి.

ఇక మీకు చెప్పకుండా చేసిన పని చెప్పాలి. ఇందాకటి నుంచి దాని చుట్టూ తిరుగుతున్నాను.

మర్నాడు ఆ పిల్లతో కలిసి వాళ్ళ ఊరి ఆసుపత్రికి వెళ్ళాను. కొత్త మనుషుల ముందు నోరు విప్పలేనివాణ్ణి, ఎట్లా వెళ్ళానని అడక్కండి. యంత్రాలు చూసే అధికారి గదిలో కంపెనీ మనిషి కూడా ఉన్నాడు. టై కట్టుకున్నాడు. లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు.

"మీరే సరేనన్నారు కదా డాక్టరుగారూ? ఈ అమ్మాయి అనవసరంగా కంగారుపడుతోంది. కాస్త మీరే నచ్చజెప్పండి" అన్నాడు.

"నేను బట్టలు కుడతానండీ" అన్నాను.

అధికారి నవ్వాడు. నేను నవ్వలేదు. అతని నవ్వు ఆగిపోయింది. "అంటే ఈ పేపరు మీరు చదవలేదా?"

"పేపరే కాదండీ, దాని పేరు కూడా చదవలేను."

అప్పుడు ఆ పిల్ల బల్ల మీదున్న యంత్రం ఆర్పి, మళ్ళీ వెలిగించి, తన ఫోను నొక్కింది. యంత్రం మీద అంకె మారిపోయింది. కంపెనీ మనిషి వంగి చూశాడు, మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ మారింది. రెండు వార్డుల్లో అప్పటికే పెట్టేశారట. అధికారి అక్కణ్ణుంచే ఫోను చేసి, తీగ లేకుండా మాట వినడం అన్నిటికీ ఆపేయమన్నాడు. బయటికొస్తుంటే నర్సు ఒకావిడ, "మళ్ళీ మంచం మంచానికీ నడకేనా, నా కాళ్ళు!" అని విసుక్కుంటోంది. ఆ విసుగు నా చెవికి హాయిగా ఉంది.

దానికి ముందే గదిలో అధికారి ఒక మాట అడిగాడు. "మీ పేరు అక్కడ ఎవరు పెట్టారు?"

నాకు తెలీదండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల తల వంచుకుంది, నన్ను తొందరపెట్టలేదు. అమ్మాయి గుర్తొచ్చింది, పాప గుర్తొచ్చింది. అందరికీ మిమ్మల్ని గొప్పగా చెప్పుకున్న రోజులు గుర్తొచ్చాయి. "మా అల్లుడు" అన్నాను. మీ పేరు, కాలేజీ పేరు చెప్పాను. రాసుకున్నాడు. కింద సంతకం పెట్టమంటే పెట్టాను. నా కూతురి నోటికాడి అన్నం నేనే లాగేశానని మీ అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు తనే గోడ మీది ఫ్రేము దించేసింది.

ఆ అధికారి మీ కాలేజీకి రాస్తానన్నాడు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగనివాణ్ణి, ఆయన్ను అడిగాను. "సోమవారం దాకా ఆగండి బాబూ, మా వాడు తనంతట తనే చెప్పుకుంటాడు" అన్నాను. ఆగుతానన్నాడు. ఆ మాట మిమ్మల్ని అడక్కుండా ఇచ్చాను. మీరు నా పేరు అడక్కుండా వాడుకున్నారు కదా.

కాబట్టి సోమవారం పొద్దున్నే మీ ప్రిన్సిపాలుగారి దగ్గరికి వెళ్ళండి. నా ఒక్కడి పేరే కాదు, ఉత్తుత్తి పేర్లన్నీ చెప్పండి. మీ సదస్సుకు పేపరు పంపిన ప్రతి ఒక్కరికీ, మీ పేపరు ఎవరూ చదవలేదు అని రాయండి. ఈ పిల్ల ఒక్కతే ఆర్పి వెలిగించి చూసుకుంది. మిగతావాళ్ళ పేపర్లు నమ్మి ఎవరెవరు ఎక్కడ ఏం బిగిస్తున్నారో మీకూ తెలీదు, నాకూ తెలీదు. దాంతో నాకు నిద్ర పట్టడం లేదు.

"ఆయన ఉద్యోగం పోతే, నాన్నా?" అని అమ్మాయి అడిగింది. పోవచ్చు.

ఈ ఉత్తరం కొరియరులో పంపుతున్నాను, రేపటికి అందుతుంది. ఆదివారం బస్సుకు నేనూ వస్తున్నాను. సోమవారం మీ వెంట కాలేజీకి వస్తాను. దారిలో ఏమీ మాట్లాడను, నాకు రాదు. ఆ గది తలుపు దాకా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటాను. ఎంతసేపైనా కూర్చుంటాను. లోపలికి మాత్రం మీరొక్కరే వెళ్ళాలి.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న
మీ మామయ్య